బావగారికి పల్నాడు నచ్చాలి

ఈ ప్రయాణం నేను కోరుకుని చేసింది కాదు. మా ఆవిడ సరోజ కోరుకుంటే నేను చేసింది. ఆ సంగతి మొదటే చెప్పేస్తే, ముందుముందు నా గొంతు ఎందుకలా ఉందో పాఠకులు అర్థం చేసుకుంటారు.

సరోజ అన్నగారు రామ్మోహనరావు, అంటే మా బావగారు, ఛత్తీస్‌గఢ్‌లో ఒక ఉక్కు ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయి రెండేళ్ళయింది. ఫ్యాక్టరీవాళ్ళ క్వార్టరు వచ్చే నెలలో ఖాళీ చేయాలి. ఇక్కడ నరసరావుపేటలో మా ఇంటి పై వాటా చాలాకాలంగా ఖాళీగా ఉంది. ఈ రెండు విషయాలూ ఒకదానికోసం మరొకటి పుట్టాయని సరోజ అభిప్రాయం. ఊరు చూసి నిర్ణయించుకోమని అన్నగారిని వారం రోజులకు పిలిపించింది.

"అన్నయ్యని తిప్పండి. ఊరు నచ్చాలి. పుట్టింటి మనిషి, ఎదురు చెప్పారంటే నేనూరుకోను," అంది.

"ఏం చెప్పినా?"

"ఏం చెప్పినా."

డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైన నాకు సుఖాలు పెద్దవేమీ లేవు. పొద్దున్నే కాలేజీ గ్రౌండులో నాలుగు చుట్లు నడవడం, అందులో రెండు ఎగ్గొట్టడం. తర్వాత సుబ్బారావు టీ బండి దగ్గర ముగ్గురు స్నేహితులతో ఒక పేపరు నాలుగు ముక్కలు చేసుకుని చదవడం. మధ్యాహ్నం భోజనమయ్యాక, ఎవరూ లేపరన్న ధైర్యంతో నిద్రపోవడం. ముప్ఫై ఏళ్ళు గంటలు కొట్టించుకుని బతికినవాడికి ఇవి చాలు. బావగారు పై వాటాలో దిగితే ఇందులో ఏదీ మిగలదని నాకు మొదటి రోజు ఉదయం ఆరున్నరకే తెలిసిపోయింది.

ఆరున్నరకి ఆయన్ని టీ బండి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన టీ తాగలేదు. వంగి గ్యాస్ ట్యూబు చూశారు.

"దీనికి గడువైపోయింది. మార్చాలి," అన్నారు.

"అట్టాగే సార్, రేపే మారుస్తా," అన్నాడు సుబ్బారావు.

తర్వాత ఆయన మా పేపరు నాలుగు ముక్కలూ తీసుకుని, ఒకటిగా చేర్చి, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి, మడత పెట్టి చంకలో పెట్టుకున్నారు. రిటైర్డ్ హెడ్మాస్టరు నా మొహం చూశాడు. హెడ్ క్లర్కు ఆకాశం చూశాడు. పత్తి వ్యాపారి టీ గ్లాసులోకి చూశాడు. చుట్టం కదా, ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు అదే ట్యూబు, అదే "అట్టాగే సార్".

రెండో రోజు కోటప్పకొండ చూపించాను. దర్శనం బాగా జరిగింది. ఆయన దేవుడికి దణ్ణం పెట్టుకుని, కరెంటు బోర్డుకి మూత లేదని పూజారిగారికి చెప్పారు. పూజారిగారు "శుభం" అన్నారు. మూడో రోజు బజారులో పత్తి బేళ్ళు ఎత్తు మించి పేర్చారని ఆగారు. నాలుగో రోజు మా ఇంటి మిక్సీ విప్పారు. ప్రతిచోటా నేను తల ఊపాను. తల ఊపడంలో నాకు ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఉంది, ప్రిన్సిపాళ్ళ దగ్గర నేర్చుకున్నది. అయినా నాలుగో రోజు రాత్రి మెడ నొప్పి వచ్చింది.

ఐదో రోజు మాచర్ల, అక్కణ్ణుంచి ఎత్తిపోతల. వర్షాలు పడి జలపాతం నిండుగా ఉందని విన్నాం. ఆరింటికి ఇంట్లో బయల్దేరాం. బస్టాండు ఎదురుగా హోటల్లో ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి. బావగారు కారప్పొడి తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఫైర్ బకెట్లో ఇసుక లేదన్నారు.

మా బస్టాండులో సీటు పట్టే పద్ధతి ఇక్కడికి కొత్తగా వచ్చేవారు తెలుసుకోవాలి. మాచర్ల బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళు, చేతిరుమాళ్ళు, సంచులు లోపలికి పడతాయి. ఎవరి తువ్వాలు ఏ సీట్లో పడితే ఆ సీటు వారిది. తర్వాత నింపాదిగా టీ తాగి, చుట్ట కాల్చుకుని వచ్చి కూర్చోవచ్చు. ఎవరూ తీయరు. పక్కవాడి పొలం గట్టు జరపడానికి వెనుకాడని మనుషులు కూడా బస్సు సీట్లో తువ్వాలు జరపరు.

ఇది నేను బావగారికి ముందే చెప్పి ఉండాల్సింది. నీళ్ళ సీసా కొనడానికి పక్కకి వెళ్ళాను. తిరిగొచ్చి ఎక్కేసరికి ముందు సగం బస్సు ఖాళీగా, శుభ్రంగా ఉంది. బావగారు సీటు సీటుకీ తిరిగి తువ్వాళ్ళన్నీ తీసి, నలుచదరంగా మడిచి, ఒకదానిమీద ఒకటి పేర్చి, కండక్టరు చేతుల్లో పెట్టారు. కండక్టరు కుర్రాడు ఆ దొంతరతో బట్టల కొట్లో గుమాస్తాలా నిలబడ్డాడు.

"ఎంత మతిమరుపు మనుషులు బావా. దిగుతూ అన్నీ వదిలేసిపోయారు," అన్నారు బావగారు మొదటి సీట్లో కూర్చుంటూ.

అప్పుడు సొంతదార్లు ఎక్కడం మొదలుపెట్టారు.

"నా ఎర్ర తువ్వాలేదిరా? ఈడ్నేగా ఏసింది!"

"అది నా సీటు బాబాయ్. కిటికీ పక్కది నేనేసుకున్నా."

"నువ్వేసింది చేతిగుడ్డ, నేనేసింది వంకాయల సంచి. సంచే ముందు పడుద్ది, బరువుంటది గదా!"

"ఒరేయ్, బరువును బట్టి సీటిస్తే నీకు నాలుగు కావాల్రా!"

ఎవరి సీటు ఏదో తేల్చే సాక్ష్యం ఒక్కటి కూడా మిగలలేదు. ఆడవాళ్ళకి టిక్కెట్టు లేని రోజులు కాబట్టి జనం కూడా నిండుగా ఉన్నారు. కండక్టరు, గడ్డంతో తువ్వాళ్ళ దొంతర అదిమిపట్టి, కళ్ళతో మా సీటు చూపించాడు. బస్సంతా మా వైపు తిరిగింది.

"ఏంది సామీ, ఏ ఊరు మీది?" అడిగాడు ఎర్ర తువ్వాలాయన.

బావగారు లేచి నిలబడ్డారు. "నేను సేఫ్టీ ఆఫీసర్ని. దారిలో గాని సీట్లలో గాని వస్తువులు వదలకూడదు," అన్నారు. రిటైరయ్యానన్న మాట మింగేశారు.

"పైనుంచి చెకింగ్‌కి వచ్చాడంట," అని వెనక ఎవరో గుసగుసలాడారు. కండక్టరు చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. మా ప్రాంతంలో తెల్లచొక్కా వేసుకుని తప్పులు పట్టే మనిషి గవర్నమెంటు మనిషి కాకుండా ఉంటాడని ఎవరికీ తట్టదు. ఊరికే తప్పులు పట్టేవాడు ఉంటాడా అని వాళ్ళ నమ్మకం.

భయపడనిది ఒక్క పెద్దమ్మ. ఎడమచేత్తో తట్ట, కుడిచేత్తో బావగారి చొక్కా పట్టుకుంది.

"ఆపీసరైతే మాత్రం? నా తువ్వాలు తీయడానికి నువ్వెవరయ్యా? ఇంట్లో నీ పెళ్ళాం నీకు ఇదే నేర్పిందా? లే అక్కణ్ణించి! చానా చూశా నీ బోటి ఆపీసర్లని!"

బావగారు పక్కకి జరిగి ఆవిడకి సీటిచ్చారు. ఆయన మొహంలో అవమానం కోసం వెతికాను. కనబడలేదు. పైగా ఐదు రోజుల్లో మొదటిసారి ఆయన మొహం వెలిగినట్టు అనిపించింది. ఎండ వల్లననుకున్నాను.

ఏడింటికి బస్సు కదిలింది. పిడుగురాళ్ళ దాకా ఇద్దరం నిలబడే ఉన్నాం. అక్కడ సున్నం బట్టీల వల్ల చెట్లు, పశువులు, మనుషులు ఒకే రంగులో ఉంటారు. బావగారు నోరు తెరవబోయి దుమ్ముకి మూసుకున్నారు. ఈ ప్రయాణంలో ప్రకృతి నాకు చేసిన మేలు అదొక్కటే.

మూడో వరసలో ఒళ్ళో పంపు మోటారు పెట్టుకుని కూర్చున్నాయన మమ్మల్ని పిలిచాడు. "ఇటు సర్దుకోండి మామా. మోటారు కాళ్ళకాడ పెడతాలే." పేరు మస్తాన్. మాచర్లలో మోటార్లు, పంపులు బాగుచేసే షెడ్డు ఉందట. ముగ్గురం ఆ సీట్లో ఎలా పట్టామో చెప్పలేను. గురజాల వచ్చేసరికి బావగారూ అతనూ ఆ మోటారు గురించి వాదించుకుంటున్నారు. రెంటచింతల వచ్చేసరికి అరుచుకుంటున్నారు. ఎండాకాలం వార్తల్లో ఈ ఊరి పేరు వినని తెలుగువాడు ఉండడు. మేం వెళ్ళిన రోజు చినుకులు పడుతున్నాయి, వేడంతా మా సీట్లోనే ఉంది.

పదింటికి మాచర్ల. మస్తాన్ తన బావమరిది ఆటో పురమాయించాడు. "సాయంత్రం షెడ్డుకి రాండి మామా. మోటారు ఎవురు చెప్పినట్టు తిరుగుద్దో చూద్దాం," అన్నాడు. ఇది మర్యాదకి అన్న మాటేనని నేను అనుకున్నాను.

ఎత్తిపోతల అరగంట పైన పట్టింది. బావగారు వెనక జనంలో ఇరుక్కుని, నేను ముందు డ్రైవరు పక్కన సగం సీట్లో. లోయ అంచున నిలబడి కిందికి చూస్తే చంద్రవంక నీళ్ళు తెల్లగా దూకి, కింద ఆకుపచ్చగా ఆగి, తాపీగా ముందుకి పోతున్నాయి. తుంపర పైదాకా వచ్చి మొహాన్ని తడుపుతుంది. పక్కన తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబం పులిహోర విప్పి మాకూ పెట్టింది. నేను ముప్ఫైసార్లు చూసుంటాను ఆ జలపాతాన్ని. ప్రతిసారీ, మాట్లాడేవాళ్ళు మాట్లాడ్డం మానేస్తారు. బావగారు కూడా మానేశారు. చాలాసేపు అలాగే నిలబడ్డారు. నా కష్టం ఫలించిందనుకున్నాను.

తర్వాత ఆయన రెయిలింగు పట్టుకుని ఊపి చూశారు. అది కదల్లేదు.

"గట్టిగా ఉంది," అన్నారు నిరాశగా.

ఒంటిగంటన్నరకి మాచర్ల తిరిగొచ్చి మెస్సులో భోజనం చేశాం. గోంగూర, పప్పు, చేపల పులుసు, గడ్డ పెరుగు. కారం తక్కువ కాదు. చెన్నకేశవస్వామి గుడికి వెళ్దామన్నాను. తలుపులు నాలుగింటికి తీస్తారన్నారు. "అయితే ఈలోపు మస్తాన్ దగ్గరికి," అన్నారు బావగారు. మూడింటి బస్సుకి వెళ్ళిపోదామని నా ఉద్దేశం. నా ఉద్దేశం ఎవరూ అడగలేదు.

షెడ్డు బస్టాండు వెనక సందులో ఉంది. రేకుల కప్పు, పైన ఒక గది, ఒక పక్క వెల్డింగు షాపు, ఇంకో పక్క ట్రాక్టర్ల మెకానిక్కు. లోపల మస్తాన్ ఇనప చువ్వని సానరాయి చక్రానికి ఆనించి నిప్పురవ్వలు కురిపిస్తున్నాడు.

"ఆపు! కళ్ళద్దాలేవి?" బావగారు గుమ్మంలోంచే అరిచారు.

"ఉన్నాయి మామా. పెళ్ళిళ్ళకి పెట్టుకుంటా."

"ఈ చక్రానికి మూతేది? పగిలితే కన్ను పోతుంది."

"ఇరవయ్యేళ్ళుగా పగల్లా."

"ఇరవయ్యేళ్ళయిందంటే దానికి వయసైపోయిందని!"

"మీకూ అయిపాయె గదా మామా, మీరు తిరగట్లా?"

సందంతా నవ్వింది. వెల్డింగు షాపు ఏసోబు చేతిలో పని వదిలేసి వచ్చాడు. "ఈడికి చెప్పబాకండి సార్. ఈడు వాళ్ళ నాయన మాటే ఇన్లా," అన్నాడు. బావగారు అతని వైపు తిరిగారు. "నీ చేతులకి తొడుగులేవి?" ఏసోబు నవ్వు ఆగిపోయింది. ట్రాక్టరు మెకానిక్కు నవ్వడానికి వచ్చి, తన వంతు రాకముందే వెనక్కి వెళ్ళబోయాడు. "నువ్వు ఆగు," అన్నారు బావగారు.

నాకో స్టూలు వేసి టీ ఇచ్చారు. తర్వాత ఇంకో టీ. మూడింటి బస్సు హారను సందులోకి వినిపించి వెళ్ళిపోయింది. గుడి తలుపులు తీసే ఉంటారు. వాళ్ళు మాత్రం ఆయన ఒకటంటే రెండనేవాళ్ళు. ఒకరూ "అట్టాగే సార్" అనలేదు. "మీ ఫ్యాక్టరీలో డబ్బులుండి పెట్టారు, మాకేడుండాయి?" అని ఏసోబు. "కన్నుకంటే కళ్ళద్దం ఖరీదా?" అని ఈయన. చివరికి మస్తాన్ విసుక్కుంటూ పాత రేకు ముక్క కత్తిరించి, వంచి, చక్రానికి మూతలా బిగించాడు.

"మీరు బస్సెక్కంగానే పీకేస్తా," అన్నాడు.

"అయితే రేపు మళ్ళీ వస్తా."

"రాండి. ఎవురొద్దన్నారు? పైన గది ఖాళీనే."

అందరూ నవ్వారు. బావగారు నవ్వలేదు. పైకి చూశారు, గది వైపు.

ఐదింటి బస్సులో మాకు సీట్లు దొరికాయి. తువ్వాలు నేనే వేశాను. ఊరు దాటాక బావగారు కిటికీలోంచి చూస్తూ అన్నారు, "బావా, నేను మాచర్లలో ఉండిపోదామనుకుంటున్నాను. ఆ షెడ్డు పైన గదిలో."

నిజం చెప్పాలంటే నాకు చాలా సంతోషమేసింది. నా టీ, నా పేపరు, నా మధ్యాహ్నం నిద్ర, మూడూ ఒకేసారి నా దగ్గరికి నడిచొచ్చినట్టయింది. ఆ సంతోషం రెంటచింతల దాకా కూడా నిలవలేదు. సరోజ మొహం గుర్తొచ్చింది. "మీరేదో అనే ఉంటారు" అనే ఆవిడ గొంతు గుర్తొచ్చింది. ఐదు రోజులుగా నేను ఏమీ అనలేదని ఆవిడ ఈ జన్మలో నమ్మదు.

అందుచేత, నాకు వద్దని నేను రోజూ మొక్కుకున్న మనిషిని రమ్మని బతిమాలడం మొదలుపెట్టాను.

"పై వాటాకి గాలి బాగా వస్తుంది బావగారూ."

"పడమటి గాలి. దుమ్ము."

"రెండు పూటలా నీళ్ళు."

"ట్యాంకు మూత సరిగ్గా పడదు."

"పొద్దున్నే మా స్నేహితులు..."

"మీ స్నేహితులు," అన్నారు ఆయన నా వైపు తిరిగి, "నేనేం చెప్పినా వింటారు. ఆ టీ అతను అట్టాగే అంటాడు. పూజారి శుభం అంటాడు. నువ్వు తల ఊపుతావు. ఎవరూ చెయ్యరు. పోనీ వద్దనీ అనరు. క్వార్టర్లో గోడలతో మాట్లాడుకున్నట్టే ఉంది నాకు. మీ అక్కయ్య పోయాక నన్ను నోరారా తిట్టింది ఈ పొద్దున ఆ పెద్దమ్మొక్కతే."

బస్సు గురజాలలో ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. నేను నీళ్ళ సీసా మూత తీసి మళ్ళీ పెట్టాను.

"ఒక్క నిజం చెప్పు బావా. నేను పైన దిగితే నీకు ఇబ్బందా, కాదా?"

మెడ అలవాటుగా కదలబోయింది. నొప్పి వల్లనో ఏమో, కదల్లేదు.

"ఇబ్బందే," అన్నాను.

"ఎంత?"

"చాలా. నా పేపరు నాలుగు ముక్కలు కలిపి చంకలో పెట్టుకునే హక్కు మీకెవరిచ్చారు? సుబ్బారావు ట్యూబు మార్చడు, ఆ విషయం ఊరందరికీ తెలుసు, మీకు తప్ప. మిక్సీ పదేళ్ళుగా తిరుగుతోంది, మీరొచ్చాకే ఆగింది. ఇవాళ నాకు గుడి పోయింది, నిద్ర పోయింది, బస్సు పోయింది. జలపాతం ముందు నిలబడి కూడా ఆ రెయిలింగు ఎందుకు ఊడలేదా అని ఏడ్చిన మనిషిని మిమ్మల్నే చూశాను!"

"ఏడవలేదు. పరీక్షించాను."

"ఎవరు పెట్టారు మిమ్మల్ని పరీక్షకి?"

"మిక్సీ ఆగింది నా వల్ల కాదు. వైరు తెగి ఉంది. నువ్వు పదేళ్ళుగా చూసుకోలేదు!"

"తెగిన వైరుతో పదేళ్ళు పచ్చడి తిన్నాను. నాకేమీ కాలేదు!"

"కావాలా? అయ్యాక చూస్తావా?"

అలా గురజాల నుంచి పిడుగురాళ్ళ దాకా, పిడుగురాళ్ళ నుంచి బ్రాహ్మణపల్లి దాకా. సున్నం దుమ్ము కూడా ఈసారి ఆయన్ని ఆపలేదు, నన్నూ ఆపలేదు. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "ఎంత పొలం బాబాయ్ తగాదా?" అని అడిగాడు. కండక్టరు వచ్చి, "పెద్దోళ్ళు గదా, కొంచెం తగ్గించుకోండి. డ్రైవరు హారను కొడితే మాకే ఇనపడట్లా," అన్నాడు. నాకు గొంతు బొంగురుపోయింది. విచిత్రంగా మెడ నొప్పి మాత్రం తగ్గింది.

ఎనిమిదింటికి నరసరావుపేటలో దిగాం. పల్నాడు చూడబోయేవారికి నా అనుభవం మీద చెప్పేదేమంటే, బస్సులు సమయానికే ఉంటాయి, వర్షాల తర్వాత ఎత్తిపోతల తప్పక చూడాలి, గుడి వేళలు ముందే కనుక్కోవాలి. చుట్టాన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవారు పోట్లాట మొదటి రోజే పెట్టుకుంటే ఖర్చు కలిసొస్తుంది. నేను ఐదు రోజులు వృథా చేశాను.

బస్టాండు బయట బావగారు ఫోను తీసి సరోజకి కలిపారు.

"అమ్మాయ్, పై వాటా కడిగించు. వచ్చే నెల సామాను దించుతా. వారానికోరోజు మాచర్ల పోయొస్తా, అక్కడ పనుంది. ముందు ఆ మేడమెట్లకి రెయిలింగు పెట్టించాలి. మీ ఆయన వద్దంటాడు, చూడు."

నేను ఊరుకోలేకపోయాను.

"ముప్ఫై ఏళ్ళుగా ఆ మెట్ల మీంచి ఎవరూ పడలేదు!" అన్నాను ఫోనుకి వినబడేలా.

"పడ్డాక పెట్టిస్తావా?" అన్నారు ఆయన ఫోను పక్కకి తీసి.

ఆటో కుర్రాడు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఎక్కుతారా సార్, పోట్లాడుకుంటారా?"

"రెండూ," అన్నారు బావగారు, నాకు చోటిస్తూ లోపలికి జరిగి.